ట్రయథ్లాన్ సీజన్ లక్ష్యం మధ్యలో కూలుతుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

దీర్ఘదూర ట్రయథ్లాన్‌లో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు ఒకే రోజున, ఒకదాని వెంట ఒకటిగా పూర్తిచేయాలి. 1978 ఫిబ్రవరిలో హవాయిలోని ఒవాహు దీవిలో ఈ పోటీ మొదటిసారి జరిగినప్పుడు 15 మంది బయలుదేరి 12 మంది పూర్తిచేశారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాలు పట్టింది. ఇందులో సగం దూరం ఉండే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ 2019లో గోవాలో మొదలైన తరువాత, ఒడిశాలోని బరంపురంలో ఉండే నాలాంటివారికి కూడా ఈ ఆట అందుబాటులోకి వచ్చినట్లయింది.

జనవరిలో పెద్ద లక్ష్యం రాసుకుని మే నెలకల్లా దానిని వదిలేసినవారిని నేను మా తెల్లవారుజాము సైకిలు బృందంలో ఏటా చూస్తున్నాను; నా మొదటి సీజన్ కూడా అలాగే ముగిసింది. లక్ష్యం పెద్దది కావడం వల్లనే ఇలా జరిగిందని చాలామంది అనుకుంటారు, కాని నేను అంగీకరించను. ఆ లక్ష్యాన్ని నేటి మన శక్తితోను, ఈ గంజాం తీరపు ఎండావానల కాలెండరుతోను ముడిపెట్టకపోవడమే దాదాపు ప్రతిసారీ అసలు దోషమవుతుంది. మీకు కనిపిస్తున్న లక్షణం కింద ఇచ్చినవాటిలో ఏదో చూసుకుని, అక్కడినుండి సరిదిద్దుకోవచ్చు.

లక్షణం: డైరీలో ముగింపు సమయం ఒక్కటే ఉంది, ఈ వారం ఏం చేయాలో తెలియడం లేదు

ఇది అన్నింటికంటె ఎక్కువగా కనిపించే సమస్య గనుక దీనిమీద కొంచెం ఎక్కువసేపు నిలవాలి. "పదమూడు గంటల్లో పూర్తిచేస్తాను" అని రాసుకున్నవారిని ఆ పదమూడు ఎక్కడినుండి వచ్చిందని అడిగితే, సాధారణంగా అది తెలిసినవారెవరో సాధించిన సమయమై ఉంటుంది, లేదా వినడానికి గౌరవంగా ఉన్న గుండ్రని అంకె అయి ఉంటుంది. ఆ అంకెను విడగొట్టి చూడకపోవడమే ఇక్కడ కారణం.

విడగొట్టి చూద్దాం. పదమూడు గంటల లోపు రావాలంటే ఈత 100 మీటర్లకు 2 నిమిషాల 15 సెకన్ల చొప్పున సుమారు గంటా 26 నిమిషాలు, సైకిలు గంటకు 27 కిలోమీటర్ల చొప్పున 6 గంటల 40 నిమిషాలు, పరుగు కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల చొప్పున 4 గంటల 34 నిమిషాలు, బట్టలు, బూట్లు మార్చుకునే రెండు విరామాలకు కలిపి పావుగంట పట్టాలి; మొత్తం 12 గంటల 55 నిమిషాలు అవుతుంది. ఇప్పుడు మీ నేటి కొలతలు పెట్టండి. 100 మీటర్లకు 3 నిమిషాలు ఈదుతూ, గంటకు 25 కిలోమీటర్లు తొక్కుతూ, కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు పరుగెత్తుతూ, విరామాలకు 20 నిమిషాలు తీసుకునే మనిషికి 14 గంటల 43 నిమిషాలు పడుతుంది. తేడా గంటా 48 నిమిషాలు. అందులో పరుగు 42, సైకిలు 32, ఈత 28 నిమిషాలు, విరామాలు 5 నిమిషాలు మోస్తున్నాయని లెక్క చెప్పగానే, ఏ వారం దేనికి ఎక్కువ గంటలు ఇవ్వాలో కూడా తెలిసిపోతుంది. పరుగులోనే పెద్ద లోటు ఉన్నప్పుడు, కొత్త చక్రాలకు వేలు ఖర్చుపెట్టే ఆలోచన తనంతట తానే వెనక్కి పోతుంది.

అందుచేత పరిష్కారం రెండు మెట్లలో ఉంటుంది. మొదట మూడు విభాగాలలోను నేటి కొలత తీసుకోవాలి, ప్రతి ఆరు వారాలకొకసారి అదే చోట, అదే వేళకు మళ్ళీ తీసుకోవాలి. తరువాత ఒకే అంకెకు బదులు మూడు సమయాలు రాసుకోవాలి: ఆరోగ్యంగా పోటీ రోజుకు చేరితే తప్పక అందేది, అనుకున్న శిక్షణలో ఎక్కువ భాగం జరిగితే అందేది, వాతావరణంతో సహా అన్నీ కలిసివస్తే అందేది. పెద్ద ఆశను మూడవదానిలో నిర్భయంగా ఉంచుకోండి. పూర్తి దూరానికి నిర్వాహకులు ఇచ్చే గడువు సాధారణంగా 17 గంటలు గనుక, మొదటి సమయానికీ ఆ గడువుకూ మధ్య కనీసం గంట ఎడం ఉండేలా చూసుకోవడం మంచిది. ఆ ఎడం లేదనిపిస్తే, ఈ సీజన్‌కు సగం దూరపు పోటీని పెట్టుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

లక్షణం: సైకిలు, పరుగు సాగుతున్నాయి, ఈత మాత్రం ఎన్ని నెలలైనా కదలడం లేదు

మనలో చాలామంది ఊరి చెరువులో, తల పైకెత్తి ఈదడం నేర్చుకున్నవారమే. తల పైకి లేస్తే నడుము, కాళ్ళు కిందికి దిగి, నీటిని చీల్చుకుపోవలసిన శరీరం నీటికి అడ్డంగా నిలుస్తుంది. అప్పుడు ఎంత బలం పెట్టినా ఆయాసమే మిగులుతుంది. ఈ స్థితిలో "వారానికి 8 కిలోమీటర్లు ఈదుతాను" అని దూరపు లక్ష్యం పెట్టుకుంటే తప్పును 8 కిలోమీటర్ల పాటు సాధన చేసినట్లవుతుంది. మొదటి రెండు నెలలు దూరాన్ని పక్కన పెట్టి, ముఖం నీటిలో ఉంచి ఊపిరి వదలడం, పక్కకు తిరిగి శ్వాస తీసుకోవడం, 25 మీటర్లను తక్కువ బారలలో దాటడం అనేవాటినే లక్ష్యాలుగా రాసుకోవాలి.

ఆ తరువాత వేగాన్ని కొలవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఒకే రోజున 400 మీటర్లు, తగిన విశ్రాంతి తరువాత 200 మీటర్లు గట్టిగా ఈది, రెండు సమయాల తేడాను సగం చేస్తే, చాలాసేపు నిలుపుకోగల వేగం 100 మీటర్లకు ఎంతో వస్తుంది. ఉదాహరణకు 400కు 10 నిమిషాలు, 200కు 4 నిమిషాల 40 సెకన్లు పడితే తేడా 5 నిమిషాల 20 సెకన్లు, అంటే 100 మీటర్లకు 2 నిమిషాల 40 సెకన్లు. సీజన్ లక్ష్యం ఈ అంకెను తగ్గించడంగా ఉండాలి.

సముద్రం సంగతి వేరు. గోపాల్‌పూర్ బరంపురానికి 16 కిలోమీటర్లే అయినా, ఆ తీరంలో అలలు విరిగే చోటు, లోపలికి లాగే ప్రవాహం రోజుకొక తీరుగా ఉంటాయి. ఒంటరిగా దిగడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించను. అలలు కొంత నెమ్మదించే డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు, తీరాన్ని చిన్ననాటినుండి ఎరిగిన నోలియా జాలరులను అడిగి, వారి పడవ పక్కన ఉండగా మాత్రమే ఈదాలి. వారి ఇంటి భాష తెలుగే గనుక, ఏ వేళ దిగవచ్చో, ఎటువైపు లాగుతుందో మన భాషలోనే వివరంగా తెలుసుకోవచ్చు. ఈ సౌకర్యాన్ని మనవారు తగినంతగా వాడుకోవడం లేదని నా బాధ. సీజన్‌లో ఆరుసార్లు సముద్రంలో ఈదాలన్న లక్ష్యం చాలు, మిగిలినదంతా పూల్‌లోనే జరగవచ్చు. ఋషికుల్య ముఖద్వారం వైపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే రోజులలో మాత్రం ఆ తీరాన్ని వాటికే వదిలేయాలి.

లక్షణం: మార్చి వరకు అందిన వేగం ఏప్రిల్‌లో అందడం లేదు

నా మొదటి సీజన్ ఇక్కడే పోయింది. బరంపురం నుండి దిగపహండి మీదుగా తప్తపాణి సుమారు 50 కిలోమీటర్లు. వెళ్ళి వస్తే 100 అవుతుంది, చివర ఘాట్ ఎక్కుడు కూడా దొరుకుతుంది గనుక మాకు అది ఇష్టమైన దారి. ఫిబ్రవరిలో ఆ దారిలో వచ్చిన సగటు వేగాన్నే మే నెలలోనూ తీసుకురావాలని పట్టుబట్టి, ఆలస్యంగా బయలుదేరి, తిరుగుదారిలో వణుకు, వాంతులు, కళ్ళు తిరగడం మొదలై ఒక టీ కొట్టు నీడలో పడుకున్నాను. ఆ కొట్టు పెద్దాయన నెత్తిమీద నీళ్ళు పోసి, ఉప్పు వేసిన మజ్జిగ తాగించి, ఇంటికి కబురు పెట్టించాడు. ఆయన చేసిన మేలు మరువలేనిది. నేను చేసింది మాత్రం స్పష్టంగా ప్రమాదకరమైన పని.

కారణం సోమరితనం కాదు, దేహధర్మం. వేడిలో రక్తం కొంత చర్మాన్ని చల్లబరచడానికి వెళుతుంది గనుక అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. సముద్రపు తేమవల్ల చెమట ఆరక శరీరం చల్లబడదు. కాబట్టి ఏప్రిల్ నుండి జూన్ వరకు లక్ష్యాన్ని వేగంలో రాయకూడదు, గుండె వేగంలో, గంటలలో రాయాలి. శరీరం వేడికి అలవాటు పడడానికి 10 నుండి 14 రోజులు పడుతుంది. ఆ రెండు వారాలు గంటలు తగ్గించి, ఉదయం 4కే బయలుదేరి 8 లోపు ఇల్లు చేరాలి. ఒక గంట సాధనకు ముందు, తరువాత బరువు చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలోకు దాదాపు లీటరు చొప్పున, తాగిన నీటిని కూడా కలుపుకుని, మీ చెమట లెక్క తేలుతుంది. సాయంత్రాలు కాల్‌బైశాఖి (వేసవిలో ఉరుములతో వచ్చే గాలివాన) మబ్బులు కమ్మితే ఉరుము వినగానే ఆపేయాలి. జూలైనుండి వానల్లో తడి ఘాట్ దిగడం కంటె ఇంట్లో ట్రైనర్‌మీద (సైకిలును కదలకుండా నిలిపి తొక్కించే స్టాండుమీద) గంటన్నర తొక్కడమే ఎక్కువ పనికివస్తుంది.

లక్షణం: ప్రతి వారం గంటలు నిండుతున్నాయి, ఆరు వారాల పరీక్షలో మార్పు లేదు

అన్ని రోజులూ ఒకే మధ్యస్థపు తీవ్రతతో చేస్తున్నారన్నమాట. తేలిక రోజు తేలికగా లేకపోవడంవల్ల కష్టపు రోజున కష్టపడే శక్తి మిగలడం లేదు. వారపు గంటలలో అధిక భాగం, పరుగెత్తుతూ ఒక పద్యం నాలుగు పాదాలనూ తడబడకుండా చెప్పగలిగేంత నెమ్మదిగా సాగాలి. పద్యం రెండో పాదంలో తెగిపోతే వేగం తగ్గించాలి. నిజంగా గట్టిగా చేసేవి వారానికి రెండు మూడు చాలు. నాలుగవ వారం గంటలను మూడోవంతు తగ్గించడాన్ని కూడా లక్ష్యంగానే రాసుకోండి, ఎందుకంటే పట్టుదల ఉన్నవారు రాసిపెట్టని విశ్రాంతిని తీసుకోరు.

లక్షణం: ముంగాలి (మోకాలి కింద ముందువైపు) నొప్పి, లేదా ఎంతకీ తీరని అలసట

పరుగు దూరం త్వరగా పెరిగినప్పుడు గుండె, ఊపిరితిత్తులు తట్టుకున్నంత వేగంగా ఎముకలు, స్నాయువులు తట్టుకోలేవు. నొప్పి కండమంతటా పరచుకుని ఉంటే వారం రోజులు పరుగు ఆపి సైకిలు, ఈతలతో నడిపించవచ్చు; ఎముకమీద వేలితో చూపగల ఒకే చోట నొక్కితే నొప్పి పుడుతుంటే మాత్రం అది సన్నని పగులు కావచ్చు గనుక వెంటనే ఎముకల వైద్యుని చూడాలి. ఉదయం లేవగానే నాడి మామూలుకంటె ఎక్కువగా కొన్ని రోజులు వరుసగా ఉంటే సాధన తగ్గించాలి. కోరాపుట్, రాయగడ, గజపతి కొండప్రాంతాలలో ఉండేవారు దానితోపాటు జ్వరం కూడా ఉంటే దానిని శిక్షణ అలసటగా కొట్టిపారేయకుండా మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి.

లక్షణం: సైకిలు నాలుగో గంట తరువాత శక్తి హఠాత్తుగా పోతోంది

తిండి లక్ష్యం రాసుకోలేదు. సుదీర్ఘ సాధనలో గంటకు 60 గ్రాముల పిండిపదార్థం, అలవాటైన కొద్దీ 90 వరకు అవసరమవుతుంది. లీటరు ఓఆర్ఎస్‌లో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములే గనుక అది ఉప్పును భర్తీ చేస్తుంది గాని కడుపు నింపదు. మోస్తరు అరటిపండు సుమారు 25 గ్రాములు ఇస్తుంది. దానితోపాటు బెల్లం కలిపిన అటుకుల ఉండలు, పలుచని రాగి అంబలి వాడి చూడవచ్చు. జీర్ణకోశం కూడా సాధనతోనే అలవాటు పడుతుంది గనుక 30 గ్రాములతో మొదలుపెట్టి, ప్రతి రెండు వారాలకు 10 చొప్పున పెంచండి. దాహానికి మించి ఉత్త నీళ్ళే లీటర్లకొద్దీ తాగడం రక్తంలో సోడియంను ప్రమాదకరంగా తగ్గించగలదు.

లక్షణం: ఇంట్లో, ఊళ్ళో పనులు అడ్డుపడి వారాలు పోతున్నాయి

అవి ముందే తెలిసిన పనులు. బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర రెండేళ్ళకొకసారి చైత్రంలో వచ్చి బరంపురం వీధులను రోజులకొద్దీ నింపుతుంది. పెళ్ళిళ్ళు, దసరా సరేసరి. ఇంటివారితో కూర్చుని ఆ వారాలను ముందే తేలిక వారాలుగా గుర్తుపెట్టండి.

లక్షణం: పోటీకి నెల ముందు తుఫాను వచ్చింది, ఇప్పుడు పోయిన గంటలు ఎలా పూడ్చాలి

అక్టోబరు ఈ తీరానికి తుఫానుల నెల. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాలో కొండచరియలను కూల్చింది. అటువంటప్పుడు కరెంటు, రోడ్లు, ఒక్కొక్కసారి ఇల్లు కూడా ముందు చూసుకోవలసి వస్తుంది. గోవా పోటీ అక్టోబరు–నవంబరులలోనే వస్తుంది గనుక, అతి దీర్ఘమైన సైకిలు, పరుగు సాధనలను సెప్టెంబరు చివరికే ముగించి, అక్టోబరులో రెండు వారాలు ఖాళీగా ఉంచుకుని పథకం రాయాలి. తుఫాను రాకపోతే ఆ వారాలలో సైకిలు దిగిన వెంటనే అరగంట పరుగెత్తే సాధనలు చేయవచ్చు. వచ్చి వారం పోతే దానిని పూడ్చే ప్రయత్నం చేయకండి. చివరి రెండు మూడు వారాలలో గంటలు ఎలాగూ తగ్గాలి, ఆ సమయంలో చేసిన అదనపు శ్రమ పోటీ రోజుకు బలంగా మారేంత వ్యవధి ఉండదు. మిగిలిన రోజులలో వారానికి రెండుసార్లు పోటీ వేగంతో కొద్ది నిమిషాల చొప్పున తొక్కి, పరుగెత్తి, రాసుకున్న మూడు సమయాలలో మూడవదానిని రెండవదానికి తగ్గించుకుని బయలుదేరండి.