సరళరేఖ లెక్క ఎక్కడ తప్పింది? వాలు, సమీకరణాల్లో సమస్యలు - పరిష్కారాలు

సరళరేఖల లెక్కలో జవాబు తేడా వస్తే చాలామంది మొత్తం కొట్టేసి మొదటి నుంచి చేస్తారు. చేయి అలవాటు పడిన దారిలోనే పోతుంది కాబట్టి అదే తప్పు మళ్లీ దొర్లుతుంది. అంతకన్నా వచ్చిన తప్పు జవాబును కాసేపు పరీక్షగా చూడటం మేలు. పొరపాటు ఏ మెట్టులో జరిగిందో చాలాసార్లు అదే చెబుతుంది. (−3, 5), (1, −3) బిందువుల గుండా పోయే రేఖను తీసుకుందాం.

రేఖ దిగుతోంది, వాలు మాత్రం ధనాత్మకంగా వచ్చింది

ముందు చిత్తుగా బొమ్మ గీయండి. ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే ఈ రేఖ కిందికి దిగుతుంది. కాబట్టి వాలు (ఎక్స్ ఒక యూనిట్ పెరిగితే వై ఎంత మారుతుందో చెప్పే సంఖ్య) రుణాత్మకం కావాలి. మీకు 2 వచ్చిందా? వరుస తారుమారైంది. లవంలో రెండో బిందువు నుంచి మొదటిది తీసేశారు (−3 − 5 = −8), హారంలో మొదటి దాని నుంచి రెండోది తీసేశారు (−3 − 1 = −4). ఏ బిందువుతో మొదలుపెట్టినా ఫర్వాలేదు, పైనా కిందా ఒకే వరుస ఉండాలి.

4 వచ్చిందా? 1 − (−3) రాయాల్సిన చోట 1 − 3 రాశారు. రుణ సంఖ్యను ఎప్పుడూ బ్రాకెట్‌లో పెట్టి ప్రతిక్షేపించండి:

(−3 − 5) / (1 − (−3)) = −8/4 = −2

−1/2 వస్తే లవహారాలు తలకిందులయ్యాయి. వై తేడా పైన, ఎక్స్ తేడా కింద ఉండాలి.

వాలు సరైనదే, రెండో బిందువు సమీకరణంలో ఇమడటం లేదు

వాలు −2, బిందువు (−3, 5). సమీకరణం వై − 5 = −2(ఎక్స్ + 3). దీన్ని విప్పితే వై = −2ఎక్స్ − 1. ఇందులో ఎక్స్ = 1 పెడితే వై = −3 వస్తుంది, రెండో బిందువు కుదిరింది.

మీది వై = −2ఎక్స్ + 11 అయితే బ్రాకెట్‌లో ఎక్స్ − 3 రాశారన్నమాట. ఆ రేఖ (−3, 5) గుండా కాక (3, 5) గుండా పోతుంది. వై = −2ఎక్స్ + 8 అయితే −2తో ఎక్స్‌ను గుణించి, 3ను గుణించకుండా అలాగే ఉంచేశారు. సరిచూసేటప్పుడు సమీకరణం రాయడానికి వాడని బిందువునే ప్రతిక్షేపించాలి. వాలు తప్పినా వాడిన బిందువు సరిపోతుంది, అందుకే దాన్ని నమ్మకూడదు.

3ఎక్స్ + 4వై = 12లో వాలు 3 అని రాశారు

వైని ఒంటరిగా ఒక పక్కకు తేకుండానే ఎక్స్ గుణకాన్ని చదివేశారు. 4వై = −3ఎక్స్ + 12, అంటే వై = −(3/4)ఎక్స్ + 3. వాలు −3/4, వై-అంతరఖండం (రేఖ వై-అక్షాన్ని ఖండించే చోట వై విలువ) 3. అంతరఖండం 12 అనుకునే పొరపాటు కూడా ఇక్కడే పుడుతుంది.

హారంలో సున్నా వచ్చింది

లెక్క తప్పలేదు. (4, 1), (4, 7) బిందువుల రేఖ నిలువుగా ఉంటుంది. దాని వాలు నిర్వచితం కాదు. సమీకరణం ఎక్స్ = 4. సున్నా లవంలో వస్తే రేఖ అడ్డంగా ఉంటుంది, వాలు సున్నా.

లంబరేఖ అన్నారు, గ్రాఫులో లంబకోణం కనిపించడం లేదు

మొదట వాలులను గుణించి చూడండి, లబ్ధం −1 రావాలి. 3/4కు జోడు −4/3. గుర్తు మాత్రమే మార్చినా, తలకిందులు మాత్రమే చేసినా సరిపోదు. (నిలువు, అడ్డ రేఖల జంటకు ఈ సూత్రం వర్తించదు, అవి లంబాలని చూస్తేనే తెలుస్తుంది.)

లబ్ధం −1 వచ్చినా బొమ్మ వంకరగానే ఉంటే స్కేలు చూడండి. ఎక్స్-అక్షంపై 1 సెంటీమీటరుకు 1 యూనిట్, వై-అక్షంపై 1 సెంటీమీటరుకు 2 యూనిట్లు తీసుకుంటే నిలువు, అడ్డ రేఖలు తప్ప ప్రతి రేఖా ఉన్నదానికన్నా తక్కువ ఏటవాలుగా కనిపిస్తుంది, కోణాలు మారిపోతాయి. విద్యార్థులు ఇక్కడ సరైన లెక్కను కొట్టేసుకోవడం చూస్తే బాధేస్తుంది. రెండు అక్షాలకూ ఒకే స్కేలు పెట్టి మళ్లీ గీయండి.

జవాబు పుస్తకంలో ఇచ్చినదానితో కలవడం లేదు

మీది వై = −2ఎక్స్ − 1, పుస్తకంలో 4ఎక్స్ + 2వై + 2 = 0 ఉందా? రెండూ ఒకటే రేఖ. అన్నిటినీ ఒక పక్కకు తెచ్చి, ఉమ్మడి కారణాంకం 2తో భాగిస్తే రెండూ 2ఎక్స్ + వై + 1 = 0 అవుతాయి.