వీధినాటకానికి ప్రభుత్వ గ్రాంటు: చిత్తూరు, తిరుపతి జిల్లాల సంస్థలు దరఖాస్తు చేసుకునే విధానం

ద్రౌపదీ ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఎండాకాలం వస్తే భారతం పెడతారు. పద్దెనిమిది రోజుల పాటు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం, చివరి రోజు దుర్యోధన వధ. ఖర్చంతా చందాల మీదే నడుస్తుంది. దీనికి ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా అన్న ప్రశ్నకు సూటి జవాబు: వస్తుంది, కానీ గుడి కమిటీకి రాదు. ధార్మిక సంస్థలు, పాఠశాలలు, కళాశాలలు ఈ గ్రాంటుకు అర్హమైనవి కావు. అదే ఊళ్లో ఆడే నాటక బృందం సొసైటీగానో ట్రస్టుగానో నమోదై ఉంటే, ఉత్సవంలో తన వంతయిన ప్రదర్శనల మేరకు అడగవచ్చు. కాబట్టి దరఖాస్తులో అగ్నిగుండం కట్టెలు, అన్నదానం, గుడికి సున్నం కొట్టించిన ఖర్చు రాయకండి. భాగవతార్ పారితోషికం, నటులు, వాద్యకారులు, వేషాలు, వేదిక, దీపాలు, మైకు మాత్రమే రాయండి.

అసలు పథకం కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖది. కళా సంస్కృతి వికాస్ యోజనలో భాగమైన కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంటు కింద ఉత్సవాలకు, నాటక, నృత్య, సంగీత ప్రదర్శనలకు, కార్యశాలలకు, ఎగ్జిబిషన్లకు, సదస్సులకు సాయం చేస్తారు. మొత్తం ఖర్చులో 75 శాతం వరకు, మామూలుగా 5 లక్షల రూపాయలకు మించకుండా ఇస్తారు. నాలుగు లక్షల కార్యక్రమానికి మూడు లక్షలు అడగవచ్చు, మిగిలిన లక్ష మీది. ఎనిమిది లక్షలకు లెక్క వేస్తే ఆరు లక్షలు తేలుతుంది కానీ చేతికి వచ్చేది అయిదే. అందుకే అంచనాను ఉబ్బించి లాభం లేదు. ఉబ్బించిన కొద్దీ మీ వాటా పెరుగుతుంది, ఆ వాటాను ఖర్చు చేసినట్లు తర్వాత చూపించాల్సింది కూడా మీరే. చందాల డబ్బును ముందుగానే సంస్థ బ్యాంకు ఖాతాలో వేసి, అందులోంచే ఖర్చు పెట్టండి. చేతుల మీదుగా నడిచిన డబ్బుకు ఇక్కడ విలువ లేదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. మంత్రిత్వ శాఖ ప్రకటన ఇచ్చినప్పుడు గడువులోగా పంపాలి. అయితే అసలు పని అంతకు చాలా ముందే మొదలవుతుంది. నమోదు పత్రం, నియమావళి, పాన్ కార్డు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, గతంలో చేసిన ప్రదర్శనల ఆధారాలు, స్వచ్ఛంద సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు సంఖ్య సిద్ధంగా ఉండాలి. సంస్థ వయసు కనీసం మూడేళ్లు ఉండాలి కనుక ఈ ఏడాది కొత్తగా పెట్టిన సొసైటీతో ప్రయోజనం లేదు. పాత సంస్థ ఏదైనా మూలపడి ఉంటే దాన్ని లేపడమే తెలివైన పని. రాష్ట్రంలో సొసైటీలు 2001 నాటి చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతాయి, ఏటా కార్యవర్గ జాబితా అక్కడ దాఖలు చేయాలి. అది ఆగిపోయి ఉంటే ముందు ఆ బకాయి తీర్చుకోండి.

మన జిల్లాలకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. అంతకు ముందు శ్రీకాళహస్తిలోనో తిరుపతిలోనో నమోదైన సంస్థల పత్రాల మీద ఇప్పటికీ చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. దరఖాస్తులో ఒక జిల్లా, పత్రంలో ఇంకో జిల్లా కనిపిస్తే పరిశీలించేవారు ఢిల్లీలో కూర్చుని మన విభజన చరిత్ర తవ్వుకోరు. చిరునామా మార్పును రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోండి. కనీసం ఒక వివరణ పత్రమైనా జత చేయండి. పేరు విషయంలోనూ అంతే జాగ్రత్త: నమోదు పత్రంలో ముందు ‘శ్రీ’ ఉండి పాన్ కార్డులో లేకపోయినా కొర్రీ పడుతుంది.

ఇక ప్రాజెక్టు వివరణ. ‘ప్రాచీన సంస్కృతిని పరిరక్షించి భావితరాలకు అందించడమే మా ధ్యేయం’ అని అందరూ రాస్తారు. ఆ వాక్యం చదివి ఎవరికీ ఏమీ తెలియదు. ఏ రాత్రి ఏ ఘట్టం ఆడతారో రాయండి: బకాసుర వధ, అర్జున తపస్సు, ఉత్తర గోగ్రహణం, అభిమన్యు వధ, కర్ణ మోక్షం. అర్జున తపస్సుకు వేషధారి ఎత్తయిన మాను ఎక్కి పద్యాలు పాడుతూ పై నుంచి నిమ్మపండ్లు విసురుతాడని, కింద పిల్లలు లేని ఆడవాళ్లు కొంగు పట్టి ఉంటారని, దుర్యోధన వధకు నేల మీద మట్టితో భారీ విగ్రహం పోస్తారని రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. వేషం వేసేవారు ఎందరు, కొత్తగా నేర్చుకుంటున్నవారు ఎందరు, ఈ రెండూ తప్పక ఉండాలి. దరఖాస్తులు పరిశీలించే నిపుణుల సంఘం ఎదుట మీ తరఫున మాట్లాడేది ఈ ఒక్క కాగితమే.

మంజూరైన సొమ్ము ఒకేసారి రాదు. మొదటి విడత ముందు, మిగిలింది కార్యక్రమం అయ్యాక లెక్కలు చూశాక. కేంద్ర ఆర్థిక నియమావళి (జీఎఫ్‌ఆర్) 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం, చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం చేసిన ఖర్చుల పట్టిక, ఫొటోలు పంపాలి. ఎక్కువ సంస్థలు తడబడేది ఇక్కడే. కళాకారులకు డబ్బు ఖాతాలోనే వేయండి. హార్మోనియం వాయించే ఆయన్ను ఊరంతా ఒక పేరుతో పిలుస్తుంది, పాస్‌బుక్కులో ఇంకో పేరు ఉంటుంది. కరపత్రంలో వేసే పేరు పక్కన ఆధార్ పేరు కూడా ఒక జాబితాలో ముందే రాసి పెట్టుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు. ఇతర ఖర్చుల్లో ఎక్కడైనా నగదు ఇవ్వక తప్పకపోతే, 5,000 రూపాయలు దాటిన రశీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీద సంతకం ఉండాలి.

ఇంత పెద్ద పని వద్దనుకునే బృందాలకు ఇతర దారులున్నాయి. విజయవాడలోని రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖకు విన్నపం పంపవచ్చు. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది కనుక అక్కడ జరిగే ఉత్సవాల్లో ప్రదర్శనకు మీ బృందం వివరాలు ఇవ్వవచ్చు. 60 ఏళ్లు దాటిన నిరుపేద కళాకారులకు నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయల సాయం కేంద్ర పథకంలో వేరేగా ఉంది, దాన్ని ఈ గ్రాంటుతో కలపకండి.

నగరపాలక సంస్థనో, కలెక్టర్‌నో అడిగేటప్పుడు మాత్రం నగదు కంటే వస్తు రూపంలో అడగడం మేలని నా అభిప్రాయం: మైదానం, అద్దె మినహాయింపు, నీళ్ల ట్యాంకరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు. డబ్బు అడిగితే విషయం కౌన్సిల్ తీర్మానం దాకా వెళ్లాల్సి రావచ్చు. అర్జీకి రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని తెచ్చుకోండి.