చెరువు కట్ట మీద యుద్ధనౌక దీపాలు: చెక్క నమూనాతో సాధన

నల్గొండ, పాలమూరు నుంచి నేవీకో మర్చంట్ నేవీకో వెళ్లే పిల్లలు చాలామంది సముద్రం చూడకముందే దీపాల నియమాలు బట్టీ పడతారు. అంకెలు నోటికి వస్తాయి. కానీ యుద్ధనౌక ఎదురైనప్పుడు ఆ అంకెలనే నమ్ముకుంటే ఓడ ఎటు తిరిగి ఉందో అర్థం కాదు. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. అవి ఎందుకున్నాయో, ఎక్కడికి ఆగుతాయో ఊరి చెరువు కట్ట మీదే కళ్లతో చూసి నేర్చుకోవచ్చు.

నాలుగడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు చెక్క తీసుకోండి. 12 వోల్టుల చిన్న ఎల్ఈడీ బల్బులు ఐదు కావాలి: తెల్లవి మూడు, ఎరుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి. పాత బైకు బ్యాటరీ సరిపోతుంది. ఒక్కో బల్బును విడిగా బ్యాటరీకి కలపండి. గొలుసులా ఒకదాని వెనక ఒకటి కలిపితే వెలుగు పడిపోతుంది.

ముందు మామూలు పెద్ద ఓడను కట్టండి. ముక్కు నుంచి అడుగు వెనక్కి 10 అంగుళాల పుల్ల, అక్కడి నుంచి ఇంకో రెండడుగులు వెనక్కి 16 అంగుళాల పుల్ల నిలబెట్టి, రెండింటి కొసనా తెల్ల బల్బులు పెట్టండి. ఇవి మాస్ట్‌హెడ్ లైట్లు. ఈ కొలతలు సముద్రంలో ఓడలు ఢీకొనకుండా పెట్టిన 1972 అంతర్జాతీయ నియమాలను బట్టి వచ్చినవే. ముందు దీపం ముక్కు నుంచి ఓడ పొడవులో నాలుగో వంతు లోపలే ఉండాలి. రెండు దీపాల మధ్య కనీసం సగం పొడవు ఎడం ఉండాలి, అయితే 100 మీటర్లు మించనక్కర్లేదు. అసలు ఓడలో వెనకది ముందుదానికన్నా కనీసం నాలుగున్నర మీటర్లు ఎత్తులో ఉంటుంది. 50 మీటర్ల లోపు ఓడకు రెండో మాస్ట్‌హెడ్ లైటు తప్పనిసరి కాదు.

ముక్కు నుంచి అడుగున్నర వెనక, మూడంగుళాల ఎత్తున, ఎడమ అంచుకు ఎరుపు, కుడి అంచుకు ఆకుపచ్చ బిగించండి. ఇవి సైడ్‌లైట్లు. చెక్క చివర తోక మీద తెల్ల స్టర్న్ లైటు.

ఇక కోణాలు. సైడ్‌లైటు ఒక్కోటి నేరుగా ముందు నుంచి పక్కకు 112.5 డిగ్రీల వరకు కనిపించాలి. మాస్ట్‌హెడ్ లైటు రెండు పక్కలా కలిపి 225, స్టర్న్ లైటు 135. కోణమాని వెతుక్కోవద్దు. చదరపు కాగితం మూలను రెండుసార్లు సగానికి మడిస్తే 22.5 డిగ్రీలు వస్తుంది. బల్బు దగ్గర చెక్కకు అడ్డంగా గీత గీసి, దాని నుంచి వెనక్కి ఆ మడత పెట్టి ఇంకో గీత గీయండి. సైడ్‌లైటు, మాస్ట్‌హెడ్ లైటు రెండూ ఆ కోణం దగ్గరే ఆగాలి, స్టర్న్ లైటు అక్కడే మొదలవ్వాలి. ఆ మేరకు అట్ట ముక్కలు అడ్డం పెట్టండి.

ఎక్కువమంది పాడుచేసేది సైడ్‌లైట్ల లోపలి అడ్డును. ఆ అట్ట బల్బుకు అర అంగుళం దూరంలో, చెక్క పొడవుకు సమాంతరంగా, బల్బు కన్నా 10 అంగుళాలు ముందుకు ఉండాలి. అప్పుడు వెలుగు మధ్యగీత దాటి మూడు డిగ్రీల లోపే తెగిపోతుంది. నియమం అడిగేది ఒకటి నుంచి మూడు డిగ్రీలే. అట్ట పొట్టిదైతే ఓడ పక్కకు తిరిగి ఉన్నా ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనిపించి, ఎదురుగా వస్తోందని పొరపడతారు. అట్టకు మెరుపు లేని నలుపు రంగే వేయండి. నిగనిగలాడే రంగైతే వెలుగు దాని మీద పడి అవతలి పక్కకు చిమ్ముతుంది.

వెన్నెల లేని రాత్రి చెక్కను స్టూలు మీద పెట్టి ఒకరు మెల్లగా తిప్పాలి. మీరు వంద అడుగుల దూరంలో నిలబడి చూసింది చూసినట్టు చెప్పాలి. తెల్లదీపాలు రెండూ ఒకదాని మీద ఒకటి నిలబడితే ఓడ ముక్కు నేరుగా మీ వైపే ఉంది. విడిపోతే, కిందిది ఎటు జరిగిందో ఓడ అటు పోతోంది.

ఇప్పుడు వెనక పుల్లను పీకి ముందు పుల్లకు ఐదంగుళాల వెనక పాతండి. చాలా యుద్ధనౌకల పరిస్థితి ఇదే. తుపాకులు, క్షిపణులు, హెలికాప్టర్ డెక్ చోటు తినేశాక సగం పొడవు ఎడంతో రెండో దీపం పెట్టే వీలుండదు. చెక్కను 10 డిగ్రీలు తిప్పండి. ఇందాకటి 24 అంగుళాల ఎడం నాలుగంగుళాలకు పైగా విడివడి కనిపించింది. ఈ ఐదంగుళాల ఎడం అంగుళం కూడా కనిపించదు. పక్కకు పోతున్న ఓడ మీ మీదికే వస్తున్నట్టుంటుంది, పెద్ద ఓడ చిన్నదనిపిస్తుంది. జలాంతర్గామి చూడాలంటే పుల్ల ఒక్కటే, అదీ పొట్టిది, నడుమ పెట్టి ఎరుపు, ఆకుపచ్చలను దాని పక్కకే చేర్చండి. దూరం నుంచి చేపల పడవ అనుకుంటారు. విమానవాహక నౌకలో మాస్ట్‌హెడ్ లైట్లు కుడి పక్కనున్న కట్టడం మీద ఉంటాయి కాబట్టి తెల్లదీపం మధ్యగీత మీద ఉండదు.

ఈ వెసులుబాటు ఇచ్చేది ఆ 1972 నియమాల్లో ఒకటో నియమంలోని 'ఇ' భాగం. ప్రత్యేక నిర్మాణం వల్ల పూర్తిగా పాటించలేని ఓడకు, సాధ్యమైనంత దగ్గరగా పాటించే ఏర్పాటును ఆ దేశ ప్రభుత్వం నిర్ణయిస్తుంది. దీపాల విషయంలో అది నాలుగింటికే వర్తిస్తుంది: సంఖ్య, స్థానం, ఎంత దూరం కనిపించాలి, ఎంత కోణంలో కనిపించాలి. రంగు ఆ జాబితాలో లేదు. ఇంటర్వ్యూకు ఒక్క మాటే గుర్తుంచుకునే వీలుంటే ఇదే గుర్తుంచుకోండి. యుద్ధనౌకకైనా ఎడమ ఎరుపే, కుడి ఆకుపచ్చే. అదే నియమంలోని 'సి' భాగం ప్రకారం అదనపు సంకేత దీపాలు పెట్టుకోవచ్చు. ఉదాహరణకు అమెరికా జలాంతర్గాములు పసుపు ఛాయ దీపాన్ని మూడు సెకన్లు సెకనుకోసారి మెరిపించి, మూడు సెకన్లు ఆపుతాయి.

కాబట్టి తెల్లదీపాల ఎడం చూసి తీర్పు చెప్పకండి. ముందు రంగు చూడండి, తర్వాత దిక్సూచితో బేరింగ్, అంటే ఆ ఓడ మీకు ఏ దిశలో ఉందో ఆ కోణం, తీసుకోండి, రెండు మూడు నిమిషాలకు మళ్లీ తీసుకోండి. దూరం తగ్గుతూ బేరింగ్ మారకపోతే ఢీకొనే ప్రమాదముంది. మీ కుడి పక్క నుంచి మీ దారికి అడ్డంగా వచ్చే ఓడ ఎరుపు చూపిస్తే తప్పుకోవాల్సింది మీరే. అది యుద్ధనౌక అయినంత మాత్రాన దారి హక్కు మారదు. విమానాలు ఎగరేసేటప్పుడో, నడుస్తూ ఇంకో ఓడతో ఇంధనం అందుకునేటప్పుడో నిలువుగా ఎరుపు, తెలుపు, ఎరుపు కనిపిస్తే మాత్రం అది తప్పుకోలేని స్థితిలో ఉందని అర్థం, మీరే తొలగాలి.

చివరి సాధనకు స్టూలు వెనక పెద్ద ఎల్ఈడీ లైటు వెలిగించండి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ మాయమవుతాయి. 2018 నవంబర్ 8న నార్వే యుద్ధనౌక హెల్గె ఇంగ్‌స్టాడ్ 'సోలా టీఎస్' అనే ట్యాంకరును ఢీకొన్నప్పుడు జరిగినదానిలో ఇదొకటి. ట్యాంకరు డెక్ లైట్ల వెలుగులో దాని నావిగేషన్ దీపాలు కలిసిపోయాయి, అది కదలని వస్తువని యుద్ధనౌక సిబ్బంది అనుకున్నారు. సాగర్, సోమశిల మరబోట్ల వాళ్లకూ ఇది పనికొచ్చే సంగతే. డ్యాముల వల్ల సముద్రపు ఓడలు రాలేని ఈ నీళ్లకు అంతర్జాతీయ నియమాలు కాక దేశీయ జలరవాణా నియమాలు వర్తిస్తాయి. అయినా చీకటి పడ్డాక ముందుకు ఫ్లడ్‌లైటు వేసుకుని పోతే, ఎదురుగా పుట్టిలో ఉన్న మనిషికి మీ పడవ ఎటు తిరిగి ఉందో తెలియదు. పోతున్నంతసేపూ ఫ్లడ్‌లైటు ఆర్పి, సైడ్‌లైట్లు, చుట్టూ కనిపించే తెల్లదీపం మాత్రమే ఉంచండి. ఒడ్డుకు చేరేటప్పుడు వేసుకోండి.