మంచులో బండి నడపాలంటే ముందు టైర్లు చూసుకోండి

ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా, ఇంక టెన్షన్ ఎందుకు అనుకునేవాళ్లే ఎక్కువగా రోడ్డు పక్క గుంటలో తేలుతుంటారు. ఆ సిస్టమ్ చేసేది ఒక్కటే, ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంచడం. అందుకే మంచులోంచి బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి బాగా పనికొస్తుంది. కానీ బ్రేకు ప్రతి కారుకీ నాలుగు చక్రాల మీదే పడుతుంది కాబట్టి ఆగేటప్పుడు దానివల్ల ఒరిగేదేమీ లేదు, మలుపులో కూడా పట్టు ఇవ్వాల్సింది టైరే.

మామూలు వేసవి టైరు రబ్బరు ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే గట్టిపడుతుంది. చలికాలం కోసమే చేసిన వింటర్ టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది, పైగా దగ్గరగా చూస్తే రోడ్డుకు తగిలే ప్రతి రబ్బరు దిమ్మె మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లుంటాయి, మంచును పట్టుకునేది ఆ అంచులే.

కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడండి, ఉత్త ఎం ప్లస్ ఎస్ (M+S, అంటే బురద, మంచు) అన్న అక్షరాలు చాలవు. నాలుగూ మార్చాలి. డబ్బు మిగులుతుందని ముందు రెండే మారిస్తే వెనక భాగం జారి బండి గిర్రున తిరగొచ్చు. దిమ్మెల మధ్య గాడుల లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే కొత్తవి వేయించండి. చలికి టైర్లలో గాలి ఒత్తిడి కూడా తగ్గుతుంది, నెలకోసారైనా చూసుకోండి.

ఆల్ వీల్ డ్రైవ్, వింటర్ టైర్లు రెండూ ఉంటే మంచిదే, ఒకదానికే డబ్బుంటే నేనైతే టైర్లే కొంటాను. నున్నటి గడ్డమంచు మీద మాత్రం ఇవి కూడా జారతాయి, అక్కడ వేగం తగ్గించడం తప్ప దారి లేదు.