చిన్న పరిశ్రమను ల్యాబ్ గడప ఎక్కించడం: ఇన్నోవేషన్ వోచర్ పథకం ఎలా నడపాలి

మార్కెట్ పడిపోయినప్పుడు చిన్న యూనిట్ యజమాని ముందు ఆపేసేది కొత్త ప్రయోగాన్నే. జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా ఆగవు మరి. తీరా ఆర్డర్లు మళ్లీ వచ్చేసరికి చేతిలో పాత సరుకే మిగులుతుంది. పరిశోధన ఖర్చుకు పన్ను రాయితీ ఇస్తామంటే లాభం ఉన్న పెద్ద కంపెనీలకే కలిసొస్తుంది. లాభమే లేని ఏడాదిలో పన్ను ఎక్కడిది, రాయితీ ఎక్కడిది? ఇక్కడ పనికొచ్చేది వోచర్, అంటే ప్రభుత్వం యూనిట్‌కు ఇచ్చే చెల్లింపు చీటీ. యజమాని దాన్ని ల్యాబ్‌కో ఇంజినీరింగ్ కాలేజీకో ఇచ్చి తన సమస్య మీద పని చేయించుకుంటాడు. డబ్బు ప్రభుత్వం నుంచి నేరుగా ల్యాబ్‌కు వెళ్తుంది.

మొత్తం చిన్నదిగానే ఉంచండి. నెదర్లాండ్స్ 2004లో 7,500 యూరోలతో, ఐర్లాండ్ 2007లో 5,000 యూరోలతో మొదలుపెట్టాయి. తమిళనాడు పథకంలో వోచర్లు 2 లక్షల దాకా ఒకటి, 5 లక్షల రూపాయల దాకా ఇంకొకటి. మన జిల్లా స్థాయికి 2 లక్షలు చాలు. అందులో ఐదో వంతు యూనిట్ సొంతంగా పెట్టాలి, అదీ బ్యాంకు ద్వారానే. నగదుకు ఒప్పుకుంటే ల్యాబ్ ఆ వాటాను గుట్టుగా తిరిగిచ్చేస్తుంది. ల్యాబ్ రేటు జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది ముందే రాసిపెట్టండి. బిల్లులు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

దరఖాస్తు ఒక్క పేజీ, తెలుగులో. ఉద్యమ్ నంబరు (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్ నంబరు), సమస్య, ఇప్పటిదాకా చేసి చూసినవి, ఏ కొలత మారితే పని అయినట్టో. ‘నాణ్యత పెంచాలి’ అని రాస్తే వెనక్కి పంపండి. ‘పంపు కేసింగ్ పోతల్లో నూటికి 12 గాలిబుడగలతో పోతున్నాయి, 4కి తగ్గాలి’ అంటే ల్యాబ్‌కు పని దొరికినట్టే. చాలామందికి ఈ వాక్యం రాయడం రాదు. అందుకని జిల్లా పరిశ్రమల కేంద్రంలో షాపు ఫ్లోరు (యంత్రాలు నడిచే చోటు) తెలిసిన ఒక ఇంజినీరును కూర్చోబెట్టండి. ఈ జీతం దండగని తీసేస్తే పథకం కుంటుతుంది.

అర్హులు ఎక్కువైతే కమిటీ వద్దు, లాటరీ తీయండి. కమిటీ బాగా రాసినవాణ్ని ఎంచుకుంటుంది, వాడు వోచర్ లేకున్నా ల్యాబ్‌కు వెళ్లేవాడే. నెదర్లాండ్స్ మొదటి విడతలో 1,044 దరఖాస్తులకు 100 వోచర్లు లాటరీలో ఇచ్చారు. తరవాత గెలిచినవాళ్లను, గెలవనివాళ్లను పోల్చితే పదింటిలో ఎనిమిది వోచర్లు, అవి లేకుంటే జరగని పనులకే వెళ్లాయని తేలింది. లాటరీ తీయకపోతే ఈ లెక్క కట్టడానికే వీలుండేది కాదు.

ల్యాబ్‌లతో ముందే ఒప్పందం చేసుకోండి. హైదరాబాద్‌లో లోహపు పనికి బాలానగర్‌లోని టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ, రసాయనాలకు తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్స్ ఇంజినీరింగ్ సంస్థ సిపెట్ లాంటివి. ఒప్పందంలో మూడు మాటలు తప్పనిసరి: గడువు ఆరు నెలలు, ఫలితం మీద హక్కు యూనిట్‌దే, చెల్లింపు మొదట 30 శాతం, రిపోర్టు చేతికందాక 70 శాతం. మొదటే అంతా ఇస్తే మీ పని పరీక్షల సీజన్ అయ్యేదాకా బెంచీ మీదే ఉంటుంది.

వోచర్‌తో చేయకూడనివి: చట్టం ఎలాగూ అడిగే మామూలు టెస్టులు, యంత్రాల కొనుగోలు, బంధువుల కన్సల్టెన్సీ. పచ్చళ్ల యూనిట్ లైసెన్సు కోసం చేయించే పరీక్ష ఇందులోకి రాదు. నూనె తగ్గించినా ఆరు నెలలు బూజు పట్టని పద్ధతి కావాలంటే వస్తుంది.

ఒక హెచ్చరిక. మాంచెస్టర్‌లో 150 సంస్థలకు 4,000 పౌండ్ల చొప్పున, ఇదే లాటరీ పద్ధతిలో, డిజైన్, ప్రచార సేవల కోసం ఇచ్చారు. ఆరు నెలలకు తేడా కనిపించింది, ఏడాదికి చెరిగిపోయింది. కాబట్టి ఆరో నెల సర్వేతో సంబరపడి ప్రెస్ మీట్ పెట్టకండి. పన్నెండో నెలలో మళ్లీ అడగండి, లాటరీలో రానివాళ్లను కూడా: కొత్త సరుకు అమ్మకం ఎంత, తిరస్కరించిన సరుకు శాతం ఎంత, పనివాళ్లు ఎందరు. కొలత నిజంగా మారిన యూనిట్లకు రెండో వోచర్ 5 లక్షలది ఇవ్వండి, ఈసారి సగం వాటా వాళ్లది. బడ్జెట్‌లో మూడో వంతు దీనికోసం మొదటి రోజే పక్కన పెట్టాలి. లేదంటే మార్చి నెలాఖరుకల్లా మొదటి విడతకే ఖర్చు రాసేస్తారు.