2020 నాటి నెక్సాన్ ఈవీని మార్చాలా? షోరూమ్‌కి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

2020, 2021లో టాటా వాళ్ల మొదటి నెక్సాన్ ఈవీ (కరెంటు కారు) కొన్నవాళ్లలో చాలామందికి ఇప్పుడు ఒకటే టెన్షన్. కారు బాగానే నడుస్తోంది, కానీ ఫుల్ ఛార్జ్ పెట్టినా రేంజ్ మునుపటిలా రావట్లేదు, పక్కింటాయన మహీంద్రా కొత్త కరెంటు కారు బీఈ 6 తెచ్చుకున్నాడు, ఇప్పుడు అమ్మకపోతే ఇంకో రెండేళ్లకి అసలు ఎవరూ అడగరేమోనని భయం. ఇవన్నీ వేర్వేరు విషయాలు. కలిపేసుకుని షోరూమ్‌కి వెళ్లొద్దు, బుక్ చేసే బయటికొస్తారు.

ముందు కరెంటు లెక్క. పెట్రోల్ నుంచి ఈవీకి మారినప్పుడు నెలనెలా డబ్బు మిగిలింది కదా, ఈవీ నుంచి ఈవీకి మారితే ఆ మిగులు ఉండదు. నెలకి 1,000 కిలోమీటర్లు, కిలోమీటరుకి 150 వాట్ అవర్ అనుకుంటే ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపి 170 యూనిట్ల లోపే, యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 1,400 దాటదు. కొత్త కారుకీ ఇంచుమించు అంతే, పెద్ద బ్యాటరీ ఉన్న బరువైన కారైతే ఇంకాస్త ఎక్కువే తాగుతుంది. అంటే మీరు కట్టబోయే ఈఎంఐ అంతా రేంజ్ కోసం, ఛార్జింగ్ వేగం కోసం, ఎయిర్‌బ్యాగులూ కెమెరాల్లాంటి ఫీచర్ల కోసం. అవి మీకు నిజంగా కావాలంటే తప్పేం లేదు, పొదుపు పేరు చెప్పి మాత్రం కొనకండి.

తర్వాత బ్యాటరీ. మీటర్ మీద కనిపించే రేంజ్ చూసి బ్యాటరీ పోయిందని తేల్చేయకండి, అది మీరు ఈమధ్య నడిపిన తీరుని బట్టి వేసే అంచనా. పైగా ఇందులో ఉన్నది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ, ఛార్జ్ తగ్గుతున్నా వోల్టేజ్ చాలాసేపు పెద్దగా మారదు కాబట్టి ఎంత మిగిలిందో కారుకే సరిగ్గా తెలియదు, ఎప్పుడూ 80 శాతం దగ్గరే ఆపేసే అలవాటుంటే ఆ లెక్క ఇంకా తప్పుతుంది. అందుకని ఇంట్లో 15 ఆంప్స్ సాకెట్ మీద స్లో ఛార్జింగ్ పెట్టి 100 శాతం చేరాక కూడా అలాగే వదిలేయండి, బ్యాటరీ లోపలి సెల్స్ అన్నీ ఒకే ఛార్జ్‌కి వస్తాయి. వారం పది రోజుల్లో రెండు మూడుసార్లు ఇలా చేశాక అసలు టెస్ట్ పెట్టండి.

టైర్లలో గాలి సరిచూసి, 100 శాతం దగ్గర ట్రిప్ మీటర్ సున్నా చేసి, 20 శాతం వచ్చేదాకా మామూలుగా నడపండి, ఏసీ వేసుకునే నడపండి. ఉదాహరణకి 135 కిలోమీటర్లు వచ్చింది, సగటు వాడకం 150 వాట్ అవర్ చూపించింది అనుకుందాం. రెండూ గుణిస్తే 20.25 యూనిట్లు. ఇది 80 శాతానికి, కాబట్టి 0.8తో భాగిస్తే మొత్తం 25.3 వస్తుంది. కాగితం మీద బ్యాటరీ 30.2 యూనిట్లు, అంటే 84 శాతం దగ్గర ఉంది. ఆ 30.2 మొత్తం కొత్తలో కూడా వాడుకోనివ్వరు కాబట్టి అసలు పరిస్థితి ఇంతకన్నా కొంచెం నయమే. ఇలాంటి కారుని బ్యాటరీ భయంతో అమ్మకండి.

లెక్క 70 శాతం చుట్టుపక్కలకి వస్తే సంగతి వేరు. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఉంది, 2020 బండికి 2028 దాకా. వారంటీ పుస్తకంలో సామర్థ్యం ఎంతకి పడిపోతే మారుస్తారో చదవండి, సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ కాగితం మీద అడగండి, నోటిమాట వద్దు. వారంటీలో బాగుచేయించుకునే వీలున్న కారుని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తే ఆ లాభం కొన్నవాడికి పోతుంది.

ఇంకోటి, వింత వింత వార్నింగ్ లైట్లు వస్తున్నా, పొద్దున్నే కారు ఆన్ కాకపోయినా ముందు 12 వోల్టుల చిన్న బ్యాటరీ చూపించండి. అది మార్చడానికయ్యేది వేలల్లోనే. రేంజ్ ఒక్కసారిగా తగ్గింది టైర్లు మార్చాకే అయితే కారణం ఆ టైర్లు కావచ్చు.

ఇక అసలు ప్రశ్న, మీరు ఎక్కడికి వెళ్తారు? హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. పాత 30.2 యూనిట్ల బండితో హైవే మీద సూర్యాపేటలోనో కోదాడలోనో గంటసేపు ఆగాల్సిందే, రెండోసారి కూడా కాసేపు పెట్టాల్సి రావచ్చు, సంక్రాంతి ముందు ఛార్జర్ దగ్గర ఇంకో రెండు కార్లుంటే పిల్లలతో నరకం. ఏడాదికి రెండుసార్లయితే ఆ రెండు ట్రిప్పులకి రైలో అద్దె కారో చూసుకోవడం చాలా చవక. అమ్మానాన్న ఊళ్లో ఉండి నెలకి రెండు మూడుసార్లు వెళ్లక తప్పనివాళ్లు మాత్రం మార్చండి, ఆ గంట మీకు ప్రతిసారీ మిగులుతుంది, పెద్దవాళ్లకి ఒంట్లో బాగోలేదని రాత్రిపూట ఫోన్ వస్తే ఛార్జింగ్ చూసుకోకుండా బయల్దేరగలగడం చాలా పెద్ద ధైర్యం.

మారేటప్పుడు ఛార్జింగ్ వేగం విషయంలో జాగ్రత్త. 79 యూనిట్ల బ్యాటరీ ఉన్న బీఈ 6 ఇరవై శాతం నుంచి ఎనభై శాతానికి 20 నిమిషాల్లో ఎక్కుతుందంటారు, నిజమే, కానీ అది 175 కిలోవాట్ల ఛార్జర్ మీద. మీ దారిలో ఉన్నది 60 కిలోవాట్లదైతే అదే ఛార్జింగ్‌కి 50 నిమిషాల దాకా పడుతుంది. మీరు వెళ్లే రోడ్డు మీద ఏ ఛార్జర్లున్నాయో యాప్‌లో చూసి, ఆ తర్వాతే కారు ఎంచుకోండి. శ్రీశైలం వెళ్లేవాళ్లకైతే నల్లమల అడవి దాటేంత రేంజే ముఖ్యం, వేగం కాదు. ఇంట్లో 7.2 కిలోవాట్ల ఛార్జర్ పెట్టించాలంటే కరెంటాఫీసులో లోడ్ పెంచుకోవాల్సి రావచ్చు, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌తో ముందే మాట్లాడుకోండి.

అమ్మాలని తేలితే ఆ హెల్త్ రిపోర్ట్, సర్వీస్ బిల్లులు చేతిలో పెట్టుకుని నేరుగా కొనేవాళ్లని కూడా వెతకండి. ఊళ్లో రోజుకి నలభై, యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఈ కారు ఇంకా చాలా మంచి బేరం. వారంటీ కొన్నవాళ్లకి బదిలీ అవుతుందో లేదో కనుక్కుని ప్రకటనలోనే రాయండి. తెలంగాణలో కొత్త ఈవీకి రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు అని 2024 నవంబర్‌లో ప్రకటించారు, కాబట్టి మార్చేవాళ్లు డెలివరీ తేదీ కాదు, రిజిస్ట్రేషన్ తేదీ ఎప్పుడు పడుతుందో డీలర్ చేత రాయించుకోండి.