డాలస్‌కి కొత్తగా వచ్చినవారికి: ముందు మనుషుల్ని చూసుకోండి

సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, ఏ స్కూలు మంచిది... ఇవన్నీ చెప్పేవాళ్లు మీకు ఆఫీసులోనూ వాట్సాప్‌లోనూ బోలెడుమంది దొరుకుతారు. నేను వాటి జోలికి పోను. నేను అడిగేది ఒక్కటే. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే కారేసుకుని మీ ఇంటికి వచ్చే మనిషి ఈ ఊళ్లో మీకు ఉన్నారా?

పోయిన చలికాలంలో మా కాంప్లెక్సులో ఒక అమ్మాయికి అర్ధరాత్రి కడుపునొప్పి మొదలైంది. భర్త క్లయింటు పని మీద వేరే రాష్ట్రంలో ఉన్నాడు. 911కి ఫోన్ చేసింది, అంబులెన్సు వచ్చింది. తనని తీసుకెళ్తారు సరే, నిద్రపోతున్న మూడేళ్ల పాపని ఎవరికి అప్పగించాలి? ఫోనులో ఉన్న తెలుగు గ్రూపులో వందల మంది. అంతమందిలో ఆ టైములో పేరు పెట్టి పిలవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి అంబులెన్సువాళ్లే పక్క తలుపు తట్టారు. అంతవరకూ ఎప్పుడూ పలకరించని మెక్సికన్ పెద్దావిడ వచ్చి పాప పక్కన పడుకుంది. అపెండిక్స్ అని తేలి ఆపరేషన్ చేశారు, ఇప్పుడు ఆ అమ్మాయి బాగానే ఉంది. నేను రెండు బిల్డింగుల అవతలే ఉంటాను, నాకు తెల్లారాక గాని తెలియలేదు. మనవాళ్లం ఇంత దగ్గరగా ఉంటూ ఇంత దూరంగా బతుకుతున్నందుకు నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

మేము వచ్చింది 2020 మొదట్లో. పెట్టెలు విప్పేలోపే కోవిడ్ వచ్చి తలుపులు మూసుకున్నాం. ఏడాదిపాటు నా భార్య మాట్లాడింది నాతో, ఫోనులో వాళ్లమ్మతో, అంతే. ఆ తర్వాత 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను. ఇక్కడ చలి మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కి పడింది. టెక్సాస్ మొత్తం మీద 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. మా ఇంట్లో స్టవ్వు, హీటరు అన్నీ కరెంటు మీదే. పాలు కాచుకునే దారి కూడా లేదు. ఇండియన్ స్టోరులో ఒకటి రెండు సార్లు కలిసిన గుంటూరు దంపతులు గుర్తుపెట్టుకుని ఫోన్ చేశారు, మా ఇంట్లో గ్యాస్ స్టవ్ ఉంది, పిల్లాణ్ణి తీసుకుని వచ్చేయండి అని. వేడి కోసం ఇంట్లో బొగ్గులు రాజేయొద్దని, గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చోవద్దని హెచ్చరించింది కూడా వాళ్లే. ఆ వారంలో అలా చేసి కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయినవాళ్లు టెక్సాస్‌లో ఉన్నారు. మాకు ఆ సంగతే తెలియదు.

అందుకే చెప్తున్నాను, స్కూల్లో పిల్లల్ని చేర్పించేటప్పుడు ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని అడుగుతారు. చాలామంది అమ్మ నంబరు, నాన్న నంబరు రాసి ఊరుకుంటారు. కొందరైతే హైదరాబాద్‌లో ఉన్న తాతగారి నంబరు రాస్తారు! మీరిద్దరూ ఫోన్ ఎత్తలేని రోజున స్కూలువాళ్లు ఎవరిని పిలవాలి? ఆ ఫారంలో పేరున్న పెద్దవాళ్లు ఐడీ చూపిస్తేనే పిల్లల్ని పంపిస్తారు. మీ స్నేహితుడు మంచివాడే, పేరు లేకపోతే గేటు దగ్గర నిలబడాల్సిందే. ఎవరినైనా ముందుగా అడిగి, ఒప్పించి, పేరు రాయించండి. అడగడానికి మొహమాటమా? ఆ మొహమాటం పిల్లాడికి నూట మూడు జ్వరం వచ్చిన రోజు పనికిరాదు తమ్ముడూ.

ఇంకోమాట. మన ఊళ్లోలాగా పిల్లాణ్ణి ఇంట్లో ఉంచి పది నిమిషాల్లో వస్తానని వెళ్లడం ఇక్కడ కుదరదు. టెక్సాస్ చట్టంలో ఇంత వయసు అని రాసి లేదు గాని, చిన్నపిల్లల్ని ఒంటరిగా వదిలేస్తే నిర్లక్ష్యం కింద కేసయ్యే ప్రమాదం ఉంది. పక్కింటి మనిషితో పరిచయం ఉంటే ఆ పది నిమిషాలు గడిచిపోతాయి.

భార్య హెచ్-4 మీద (భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసాని బట్టి ఇచ్చే వీసా) వచ్చినవాళ్లు ఇది కాస్త శ్రద్ధగా చదవండి. మీకు ఆఫీసుంది, టీములో మనుషులున్నారు. ఆమెకి నాలుగు గోడలు, ఒక టీవీ. భర్తకు గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయితేనో, హెచ్-1బీ ఆరేళ్లు దాటి పొడిగించుకుంటేనో గాని ఆమెకి ఉద్యోగం చేసే వీలుండదు. ఇక్కడ కారు లేనిదే కాలు బయటపెట్టలేం. కాబట్టి ఇంట్లో కొత్త సోఫా కన్నా ముందు ఆమెకి డ్రైవింగ్ నేర్పించండి. ప్రసవానికి వచ్చిన అమ్మానాన్నలు ఆరు నెలలకి తిరిగెళ్లాక బాలింత చేతిలో బిడ్డతో ఒక్కతే మిగిలే రోజులు అన్నిటికన్నా కష్టం. ఆ రోజుల్లో మనసు బాగోలేకపోతే 833-852-6262కి ఫోన్ చేయొచ్చు, బాలింతల కోసమే పెట్టిన లైను, రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు తీసుకోరు. ఫోన్ నంబరు ఇచ్చాను కదా అని మీరు తప్పుకోకండి. సాయంత్రం ఆమెతో కలిసి నాలుగడుగులు నడవండి.

మనుషులు ఎక్కడ దొరుకుతారంటారా? ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం టాంటెక్స్ నెలనెలా తెలుగు వెన్నెల అని సాహిత్య సభ పెడుతుంది, వెళ్లి వెనక కుర్చీలో కూర్చోండి. పిల్లల్ని తెలుగు నేర్పే మనబడిలో చేర్చండి. అక్కడ క్లాసు అయ్యేదాకా బయట వేచి ఉండే తల్లిదండ్రులే తర్వాత మీ స్నేహితులవుతారు. ఫ్రిస్కో హనుమంతుడి గుడికి వెళ్తే దండం పెట్టుకుని వచ్చేయకుండా, వంటశాలలో సాయం కావాలా అని అడగండి. లైబ్రరీలో చిన్నపిల్లలకు కథలు చెప్పే రోజులుంటాయి, ఖర్చేమీ లేదు. అన్నిటికన్నా ముందు పక్క ఫ్లాట్ వాళ్లకి ఒక గిన్నెడు పులిహోర పట్టుకెళ్లండి, వాళ్లు ఏ దేశంవాళ్లైనా సరే. గ్రూపులో పండక్కి శుభాకాంక్షలు ఫార్వార్డ్ చేసి పరిచయం అయిపోయిందనుకోవద్దు.

ఉద్యోగం పోయిన సంగతి దాచిపెట్టే అలవాటు మనలో బాగా ఉంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఉండేది గరిష్ఠంగా 60 రోజులు, ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 గడువు అంతకన్నా ముందే ముగిసిపోతే అప్పటిదాకానే. అందులో సగం రోజులు పరువు కోసం మౌనంగా గడిపేస్తే రెఫరల్ ఇచ్చేవాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది? మొదటి వారంలోనే నలుగురికీ చెప్పండి. చెప్పినవాళ్లని ఎవరూ చులకన చేయడం నేను చూడలేదు. తమ కంపెనీలో ఖాళీలు వెతికిపెట్టినవాళ్లని, నెల అద్దె సర్దినవాళ్లని చూశాను.

ఇంత గట్టిగా చెప్పాను గాని, భయపడిపోకండి. మొదటి ఏడాది అందరికీ బరువుగానే ఉంటుంది. రెండో దసరాకి మీ ఇంటికి వచ్చేవాళ్లుంటారు, మీరు వెళ్లే ఇళ్లుంటాయి, ఇది నేను చాలామంది విషయంలో చూశాను. మీరు నమ్ముకున్నవాళ్లలో ఒకరిద్దరు ఉద్యోగం మారి ఆస్టిన్‌కో, కాలిఫోర్నియాకో వెళ్లిపోతారు కూడా. అప్పుడు స్కూలు ఆఫీసుకి వెళ్లి ఆ ఫారంలో పేరు మార్పించుకోవడం మరిచిపోవద్దు.